కరెంటు కంపెనీల్లో ఏది కొనాలి? ఒక్క ఏడాది ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్ చూసి మాత్రం వద్దు

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకి గుంటూరు నుంచి మా బావమరిది వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. పక్కపక్కన రెండు కరెంటు కంపెనీలు, కింద ఐదేళ్ల ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్, ఒకదానికి అన్నీ పచ్చ కడ్డీలు, రెండోదానికి కొన్ని ఎర్రవి, సున్నా గీత కిందకి వేలాడుతూ. "బావా, పచ్చది కొనేయనా?" అంతే ప్రశ్న. నేను జవాబు టైపు చేస్తుండగానే ఫోను మామయ్యగారి చేతికి వెళ్లినట్టుంది, "నాకు కూడా ఏదో ఒకటి చెప్పండి అల్లుడుగారూ, బ్యాంకు వడ్డీ ఏ మూలకీ రావట్లేదు" అని వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకరికి ముప్ఫై నాలుగేళ్లు, ఇంకొకరు రిటైరై మూడేళ్లు. ఇద్దరికీ ఒకే షేరు చెప్తే కనీసం ఒకరికి తప్పు చెప్పినట్టే.

ఆ రాత్రి ఫోన్లో గంటసేపు చెప్పింది కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను. నేను విజయవాడలో షాపుల లెక్కలు రాసుకుని బతికేవాణ్ణి, షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టరైన సలహాదారుణ్ణి కాను, నా డబ్బైతే ఎక్కడ పెడతానో మాత్రమే చెప్పగలను.

మార్జిన్ లెక్క తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. తెలియనివాళ్లకి గుంటూరు కోల్డ్ స్టోరేజీ కంటే మంచి ఉదాహరణ దొరకదు. మా చిన్నమామయ్యకి ఒక కోల్డ్ స్టోరేజీలో వాటా ఉంది. ఏడాదికి మిర్చి టిక్కీల (బస్తాల) అద్దె 2 కోట్లు వస్తుందనుకోండి, కరెంటు బిల్లు, హమాలీ, జీతాలు, అమ్మోనియా మెషీన్ల రిపేర్లు పోను 1 కోటి 10 లక్షలు చేతికొస్తాయి. అది ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో. ఆ ఏడాది కొత్త ఛాంబర్ ఏమీ కట్టకపోతే ఆ మొత్తమంతా మిగులే, ఆ మిగులునే ఫ్రీ క్యాష్ ఫ్లో అంటారు, 2 కోట్ల మీద 55 శాతం ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్. మరుసటి ఏడు కోటిన్నర పెట్టి ఇంకో ఛాంబర్ కట్టారు, అదే 1 కోటి 10 లక్షల్లోంచి కోటిన్నర తీసేస్తే మైనస్ 40 లక్షలు, మార్జిన్ మైనస్ 20 శాతం. వ్యాపారం 55 నుంచి మైనస్ 20కి పాడైపోయిందా? లేదు, ఛాంబర్ కట్టారు, అంతే. రెండో సీజన్ నుంచి అందులో కూడా టిక్కీలు నిండుతాయి, అద్దె వస్తుంది. నిండకపోతే అది వేరే కథ, ఆ కథకీ వద్దాం.

కరెంటు కంపెనీలన్నీ పెద్ద సైజు కోల్డ్ స్టోరేజీలే. అందుకే వీటిలో పచ్చ కడ్డీ, ఎర్ర కడ్డీ చూసి నిర్ణయం తీసుకోకూడదు, ఆ కడ్డీ ఎందుకు పచ్చగా ఉందో చూడాలి. నేను ఈ మాట ఊరికే అనట్లేదు, బావమరిది అడిగిన పచ్చ కంపెనీ పవర్‌గ్రిడ్, దాని పదేళ్ల కథ చెప్తాను.

పవర్‌గ్రిడ్ 1989లో పుట్టిన కేంద్ర ప్రభుత్వ కంపెనీ, 2007లో షేరు 52 రూపాయలకి ఐపీఓకి (జనానికి మొదటిసారి షేర్లు అమ్మడానికి) వచ్చింది. దీని పని కరెంటు తయారు చేయడం కాదు, మోసుకెళ్లడం. లైన్లు, సబ్‌స్టేషన్లు. 2016-17 నుంచి 2018-19 దాకా ఏటా 20 వేల కోట్లకు పైన ఖర్చు పెట్టి లైన్లు వేసింది. ఆ రోజుల్లో ఫ్రీ క్యాష్ ఫ్లో చూసినవాడు మొహం తిప్పుకునేవాడు. కానీ అదే కాలంలో ఆదాయం ఏమైందో చూడండి, 2015-16లో 20 వేల కోట్ల పైచిలుకు ఉన్నది 2019-20 నాటికి 37 వేల కోట్లు దాటింది. తర్వాత కొత్త ప్రాజెక్టులు తగ్గాయి, 2021-22, 2022-23లో పెట్టుబడి ఖర్చు 10 వేల కోట్ల లోపుకి పడిపోయింది. వచ్చే ఆపరేటింగ్ క్యాష్ ఆదాయంలో సగానికి తగ్గదు, పోయేదేమో చాలా తక్కువ, అందుకని మార్జిన్ ఒక్కసారిగా ఎగిరింది. ఆ పచ్చ కడ్డీలు అవే. అప్పుడు అందరూ "క్యాష్ మెషీన్" అన్నారు. మరి ఆ తర్వాత ఆదాయం? 2022-23, 2023-24, 2024-25 మూడేళ్లూ 45, 46 వేల కోట్ల మధ్యే నిలబడిపోయింది. ఛాంబర్ కట్టని ఏడాది మిగులు బాగుంటుంది, కానీ వచ్చే సీజన్‌కి అద్దె పెరగడానికి జాగా ఏదీ? 2024-25కి ఖర్చు మళ్లీ 20 వేల కోట్లు దాటింది, రాజస్థాన్, గుజరాత్ వైపు సోలార్ కరెంటు మోసుకురావడానికి పెద్ద లైన్లు పడుతున్నాయి కదా, కాబట్టి మార్జిన్ మళ్లీ కిందకి వస్తుంది. స్క్రీన్‌షాట్ చూసి కొన్నవాడు సరిగ్గా అప్పుడే కంగారుపడి అమ్మేస్తాడు.

ఇది ఒక్క పవర్‌గ్రిడ్ గొడవ కాదు, ఈ రంగంలో డబ్బు ఎలా పుడుతుందో అందులోనే ఉంది. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నియమాల ప్రకారం వేసిన ఆస్తిలో 70 శాతం అప్పు, 30 శాతం సొంత డబ్బు అని లెక్క కడతారు. సొంత డబ్బు మీద ఏటా 15.5 శాతం రాబడి ఇస్తారు, 2024 ఏప్రిల్ తర్వాత వచ్చిన కొత్త ట్రాన్స్‌మిషన్ ప్రాజెక్టులకి 15 శాతం. వడ్డీ, తరుగుదల, నిర్వహణ ఖర్చు విడిగా వసూలవుతాయి. అంటే ఈ పద్ధతిలో, 15.5 శాతం రేటున, 100 కోట్ల లైను వేస్తే 30 కోట్ల మీద 4 కోట్ల 65 లక్షల లాభం ఖాయం, లైను సరిగ్గా పనిచేసినంత కాలం. లైను వేయకపోతే ఆ లాభం పెరగదు. పైగా పాత లైన్లకి తరుగుదల మొదటి పన్నెండేళ్లలో ఎక్కువ రేటుతో వసూలై, అప్పు తీరిపోయాక తగ్గిపోతుంది, కాబట్టి వాటి మీద వచ్చే బిల్లు కాలం గడిచేకొద్దీ కరిగిపోతూ ఉంటుంది. కొత్తవి పడకపోతే కంపెనీ మెల్లగా చిన్నదవుతుంది, ఫ్రీ క్యాష్ ఫ్లో మార్జిన్ మాత్రం అదిరిపోతూ కనిపిస్తుంది. ఇంత చెప్పాక బావమరిది "అయితే ఎర్రగా ఉంటేనే మంచిదా?" అన్నాడు. అదీ కాదురా బాబూ.

ఎర్రలో రెండు రకాలున్నాయి. ఖర్చు పెట్టిన డబ్బు ఏడాది రెండేళ్లలో పనిచేసే ఆస్తిగా మారుతుంటే అది మంచి ఎరుపు. నిర్మాణంలోనే ఇరుక్కుంటే చెడ్డ ఎరుపు. కేంద్ర ప్రభుత్వ జలవిద్యుత్ కంపెనీ ఎన్‌హెచ్‌పీసీ వారి సుబన్‌సిరి ప్రాజెక్టు, 2000 మెగావాట్లు, అరుణాచల్, అస్సాం సరిహద్దులో ఉంటుంది. 2005లో పని మొదలైంది, 2011 డిసెంబర్‌లో ఆందోళనలతో ఆగిపోయింది, 2019 అక్టోబర్‌లో గానీ మళ్లీ కదల్లేదు. మొదట 6 వేల కోట్ల పైచిలుకు అన్న అంచనా 20 వేల కోట్లు దాటిపోయింది. దాదాపు ఎనిమిదేళ్లు ఒక్క యూనిట్ అమ్మకుండా వడ్డీ పెరుగుతూ పోయింది. క్యాష్ ఫ్లో పేజీలో ఇది కూడా పవర్‌గ్రిడ్ లైనులాగే "పెట్టుబడి ఖర్చు" అనే ఒకే గడిలో ఉంటుంది, తేడా తెలియాలంటే బ్యాలెన్స్ షీట్‌కి వెళ్లి "క్యాపిటల్ వర్క్ ఇన్ ప్రోగ్రెస్" (ఇంకా కట్టడంలోనే ఉన్న ఆస్తి) అనే లైను చూడాలి. మొత్తం స్థిరాస్తిలో అది ఎంత శాతం, ఏళ్ల తరబడి కదులుతోందా గడ్డకట్టిందా. మన ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు వీటీపీఎస్ చూడండి, 2023 చివర్లో 800 మెగావాట్ల కొత్త యూనిట్ ఉత్పత్తిలోకి వచ్చే దాకా ఏళ్లకేళ్లు ఆ కట్టడం చూస్తూనే ఉన్నాం కదా. అన్నట్టు, "రోజూ కనిపించే ఆ గొట్టాల కంపెనీనే కొందాం" అని అడిగేవాళ్లున్నారు, కుదరదు, అది జెన్‌కో, రాష్ట్ర ప్రభుత్వానిది, మార్కెట్‌లో లేదు. మనకి బిల్లు ఇచ్చే సీపీడీసీఎల్ కూడా అంతే, 2019లో విడిగా ఏర్పడి విజయవాడ కేంద్రంగా నడుస్తోంది, షేరు దొరకదు.

ఇప్పుడు అసలు ఉచ్చు. దీని దగ్గరే చాలామంది పడతారు, నేనూ చాలాకాలం గమనించలేదు.

మన దేశంలో పెద్ద కంపెనీలు 2016 నుంచి ఇండ్ ఏఎస్ లెక్కల పద్ధతిలోకి వచ్చాయి. అందులో, బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ కాని వాటికి, కట్టిన వడ్డీ ఆపరేటింగ్ విభాగంలో ఉండదు, కింద ఫైనాన్సింగ్ విభాగంలో ఉంటుంది. స్క్రీనర్ సైట్లు (కంపెనీల అంకెలు పక్కపక్కన చూపించేవి) ఫ్రీ క్యాష్ ఫ్లో అని చూపించేది ఆపరేటింగ్ క్యాష్‌లోంచి పెట్టుబడి ఖర్చు తీసేసిన అంకె. అంటే వడ్డీ కట్టకముందు అంకె! ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకైతే పర్లేదు, అప్పే ఉండదు. కానీ కరెంటు కంపెనీ పుట్టుకే 70 శాతం అప్పుతో. ఒక కంపెనీకి ఆదాయం 10,000 కోట్లు, ఆపరేటింగ్ క్యాష్ 4,500, పెట్టుబడి ఖర్చు 3,800 అనుకోండి. సైటులో ఫ్రీ క్యాష్ ఫ్లో 700 కోట్లు, మార్జిన్ 7 శాతం, పచ్చ కడ్డీ. అదే కంపెనీ ఏటా 1,500 కోట్లు వడ్డీ కడుతోంది. తీసేస్తే మైనస్ 800, మైనస్ 8 శాతం. పైగా ఆ ఏడాది 400 కోట్లు డివిడెండ్ ఇచ్చిందనుకోండి, ఆ డివిడెండ్ అప్పు తెచ్చి ఇచ్చినదే. పవర్‌గ్రిడ్ సంగతే తీసుకున్నా ఏటా వడ్డీ 8 వేల కోట్లకు పైనే, ఆదాయంలో దాదాపు ఐదో వంతు. అంటే మార్జిన్ కడ్డీలోంచి దాదాపు 20 శాతం పాయింట్లు మనమే చేత్తో కోయాలి.

కోసేటప్పుడు లాభనష్టాల పేజీలో ఉన్న ఫైనాన్స్ కాస్ట్ తీసుకోకండి, క్యాష్ ఫ్లో పేజీలో కింద "ఇంట్రెస్ట్ పెయిడ్" అని ఉండే అంకె తీసుకోండి. కట్టడంలో ఉన్న ప్రాజెక్టుల వడ్డీ లాభనష్టాల్లోకి రాదు, దాన్ని ఆస్తి విలువలో కలిపేస్తారు, డబ్బు మాత్రం జేబులోంచి పోతుంది.

రెండో ఉచ్చు బకాయిలు, ఇందులో నేనే కాలు పెట్టాను. కొన్నేళ్ల కిందట ఒక కరెంటు ఉత్పత్తి కంపెనీ, పేరెందుకులెండి, ఒక ఏడాది మార్జిన్ 25 శాతం దాటి కనిపించింది, అంతకుముందు రెండేళ్లూ మైనస్. "తిరిగింది" అనుకున్నాను. యాన్యువల్ రిపోర్ట్ తెరవలేదు, ఏలూరు రోడ్డులో టీ తాగుతూ ఫోన్లోనే కొనేశాను. తర్వాత ఏడాది మార్జిన్ మళ్లీ సున్నా దగ్గరికొచ్చింది, షేరు మూడో వంతు పోయింది. అప్పుడు కూర్చుని రిపోర్ట్ తీస్తే విషయం ఒక్క లైనులో ఉంది: ఆపరేటింగ్ విభాగంలో "ట్రేడ్ రిసీవబుల్స్‌లో (రావాల్సిన బాకీల్లో) తగ్గుదల" అని ఒక పెద్ద ప్లస్ అంకె. పాత బకాయిలు ఒకేసారి వసూలయ్యాయి. మిర్చి రైతు మూడు సీజన్ల అద్దె ఒకేసారి కట్టి సరుకు ఎత్తుకెళ్తే ఆ నెల గల్లాపెట్టె నిండుతుంది, అంతమాత్రాన స్టోరేజీ అద్దె పెరిగినట్టా?

2020 నుంచి చూస్తే మన దేశంలో ఇలాంటి పెద్ద వసూళ్లు రెండుసార్లు జరిగాయి, అవి గుర్తుంటే చార్టు చదవడం సులువు. 2020 మే నెలలో కోవిడ్ ప్యాకేజీలో భాగంగా ప్రభుత్వ ఫైనాన్స్ కంపెనీలు పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీల ద్వారా డిస్కంలకి (ఇంటింటికీ కరెంటు పంచే కంపెనీలకి) 90 వేల కోట్ల అప్పు ప్రకటించారు, అది ఉత్పత్తి కంపెనీల బకాయిలు తీర్చడానికే. తర్వాత 2022 జూన్‌లో లేట్ పేమెంట్ సర్‌ఛార్జీ నియమాలు వచ్చాయి. అప్పటికి డిస్కంలు పడ్డ పాత బాకీ దాదాపు 1.38 లక్షల కోట్లు, దాన్ని 48 నెలవారీ వాయిదాల దాకా కట్టుకోవచ్చన్నారు, కట్టకపోతే గ్రిడ్ నుంచి కరెంటు కొనుక్కునే వీలు తగ్గిస్తామన్నారు. అంటే 2022 రెండో సగం నుంచి నాలుగేళ్ల పాటు ఉత్పత్తి కంపెనీల ఆపరేటింగ్ క్యాష్‌లో పాత బాకీ వాయిదాలు కూడా కలిసి వచ్చే ఏర్పాటన్నమాట. ఆ వాయిదాలు అయిపోయాక మార్జిన్ ఎంత ఉంటుందన్నదే నిజమైన ప్రశ్న. వర్కింగ్ క్యాపిటల్ మార్పులు (బకాయిలు, నిల్వల్లాంటి వాటి హెచ్చుతగ్గులు) కలపకముందు ఒక సబ్ టోటల్ ఉంటుంది క్యాష్ ఫ్లో పేజీలో, నేను ఇప్పుడు దాన్నే ముందు చూస్తాను.

బకాయికి బంధువు ఇంకొకటుంది, ట్రూ అప్. మన ఇంటి బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ, ఎనర్జీ ఛార్జీ కింద ట్రూ అప్ అనో ఎఫ్‌పీపీసీఏ అనో ఒక లైను వస్తుంది కదా. ఎప్పుడో కొన్న కరెంటుకి అయిన అదనపు ఖర్చు ఇప్పుడు వసూలు చేయడం అది. మనకి కనిపించేది కట్టే వైపు. కంపెనీ లెక్కల్లో అదే వ్యవహారం రెండో వైపు నుంచి ఉంటుంది: కమిషన్ తర్వాత ఇప్పిస్తుందన్న నమ్మకంతో ఆ మొత్తాన్ని ఈ ఏడాదే లాభంలో కలుపుకుంటారు, డబ్బు మాత్రం ఏళ్ల తర్వాత వస్తుంది. "రెగ్యులేటరీ డిఫరల్ అకౌంట్ బ్యాలెన్స్" అని ఉంటుంది, లాభం పెరుగుతూ క్యాష్ పెరగకపోతే ముందు అక్కడ వెతకండి.

ఎన్‌టీపీసీకి వద్దాం, స్క్రీన్‌షాట్‌లో ఎర్ర కంపెనీ అదే. 1975లో పుట్టింది, రామగుండం, సింహాద్రి మనకి తెలిసినవే. దీన్నీ పవర్‌గ్రిడ్‌నీ మార్జిన్ పక్కపక్కన పెట్టి పోల్చడమే మొదటి తప్పు, ఎందుకంటే పవర్‌గ్రిడ్‌కి బొగ్గు ఖర్చు లేదు. ఎన్‌టీపీసీ ఆదాయంలో సగానికి పైన బొగ్గు ఖర్చే, అది డిస్కంల నుంచి ఉన్నదున్నట్టు వసూలు చేస్తుంది, అందులో లాభం లేదు. బొగ్గు పెరిగితే ఆదాయం ఉబ్బుతుంది, మిగులు అంతే ఉంటుంది, మార్జిన్ పడిపోయినట్టు కనిపిస్తుంది. 2021-22లో సుమారు 1.33 లక్షల కోట్లున్న కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలతో కలిపిన) ఆదాయం 2022-23లో 1.76 లక్షల కోట్లకి వెళ్లింది. ఒక్క ఏడాదిలో దేశంలో కరెంటు వాడకం మూడో వంతు పెరిగిందా? బొగ్గు రేటు పెరిగింది, దిగుమతి బొగ్గు కలపమన్నారు, చాలావరకు అదే కారణం. అందుకని ఉత్పత్తి కంపెనీలకి మార్జిన్ శాతం కంటే రూపాయల్లో మిగులు చూడటం మేలు, లేదా ఆస్తి మీద ఎంత మిగిలిందో చూడండి. మార్జిన్‌తో పోల్చాలంటే ఎన్‌టీపీసీని దాని పాత ఏళ్లతోనే పోల్చండి, అది కూడా బొగ్గు ధర గుర్తుపెట్టుకుని.

ఇందులో ఇంకో ఖర్చుంది, ఎఫ్‌జీడీ. పొగలోని గంధకాన్ని పట్టే యంత్రాలు. 2015 డిసెంబర్ నిబంధనల ప్రకారం థర్మల్ ప్లాంట్లు వీటిని పెట్టాలి, ఎన్‌టీపీసీ చాలా చోట్ల వేల కోట్లు పెట్టేసింది కూడా, ఆ తర్వాత 2025 జూలైలో కేంద్రం ఎక్కువ ప్లాంట్లకి మినహాయింపు ఇచ్చింది. దీనివల్ల ఒక్క మెగావాట్ కూడా పెరగదు, కాబట్టి పెట్టుబడి ఖర్చంతా "ఎదుగుదల కోసమే" అని కంపెనీలు చెప్పినప్పుడు కొంచెం అనుమానించాలి. నా మోటు లెక్క ఏంటంటే, పెట్టుబడి ఖర్చులో తరుగుదల మేరకు ఉన్నదాన్ని ఉన్నది నిలబెట్టుకోవడానికి అయిన ఖర్చుగానూ, పైది ఎదుగుదల ఖర్చుగానూ అనుకుంటాను. లైన్ల కంపెనీకి ఇది కాస్త కఠినం, స్తంభాలు ముప్ఫై అయిదేళ్లు నిలబడతాయి, ఏటా అంత మార్చక్కర్లేదు. థర్మల్‌కి ఇది సరిపోతుంది, కొన్నిసార్లు చాలదు.

టాటా పవర్ గురించి బావమరిది అడిగాడు, యూట్యూబ్ ప్రభావం. మంచి కంపెనీయే, 1915 నుంచి ఖోపోలీలో కరెంటు తీస్తున్నారు. కానీ ముంద్రా కథ చదవకుండా వద్దన్నాను. గుజరాత్‌లో 4000 మెగావాట్ల ప్లాంటు, యూనిట్ సగటున 2 రూపాయల 26 పైసలకి ఇస్తామని వేలంలో గెలిచారు, ఇండోనేషియా బొగ్గు చవగ్గా వస్తుందన్న లెక్కతో. 2010లో ఆ దేశం బొగ్గు ధరల నిబంధన మార్చింది, ఖర్చు పెరిగింది, రేటు పెంచమంటే 2017లో సుప్రీంకోర్టు విదేశీ చట్టం మారడం ఒప్పందంలో చెప్పిన చట్టమార్పు కిందకి రాదని తేల్చింది. ఖర్చు కలిపి ఇచ్చే పద్ధతిలో ఉన్న ఎర్ర కడ్డీకీ, వేలంలో రేటు కట్టేసుకున్న ప్లాంటు ఎర్ర కడ్డీకీ తేడా ఇదే, మొదటిది తర్వాత వసూలవుతుంది, రెండోది పోతే పోయినట్టే. టాటా పవర్‌లో ఇప్పుడు ఒడిశా పంపిణీ, సోలార్, ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి ఒకే మార్జిన్ అంకె చూస్తే అర్థం కాదు, సెగ్మెంట్ల వారీగా చదివే ఓపిక ఉంటే కొనండి. నాకు లేదు.

ఊళ్లలో పైపుల గ్యాస్, బళ్ల గ్యాస్ అమ్మే సిటీ గ్యాస్ కంపెనీలు, మహానగర్ గ్యాస్, ఇంద్రప్రస్థ గ్యాస్ లాంటివి, కరెంటువి కాకపోయినా ఇదే లెక్కలో పైకి అందంగా కనిపిస్తాయి. అప్పు దాదాపు లేదు, వడ్డీ ఉచ్చు లేదు, సొంత డబ్బుతోనే పైపులు వేసుకుంటారు. కానీ 15.5 శాతం హామీ కూడా లేదు. 2024 చివర్లో ప్రభుత్వం చవక గ్యాస్ కేటాయింపు తగ్గించగానే రెండు షేర్లూ ఒక్క దెబ్బకి పడ్డాయి. మన దగ్గర ఆటోలకి గ్యాస్ పోసే భాగ్యనగర్ గ్యాస్ గెయిల్, హెచ్‌పీసీఎల్ ఉమ్మడి కంపెనీ, అది లిస్ట్ కాలేదు. ఆటోలన్నీ బ్యాటరీకి మారుతుంటే పదేళ్ల తర్వాతి మార్జిన్ ఊహించే ధైర్యం నాకు లేదు.

ఇక మామయ్యగారికి పనికొచ్చేది, ఇన్విట్. కట్టేసిన లైన్లని ఒక ట్రస్టులో పెట్టి యూనిట్లు అమ్ముతారు. కొత్తగా కట్టేది తక్కువ కాబట్టి పెట్టుబడి ఖర్చు దాదాపు ఉండదు, పంచగలిగిన నగదులో కనీసం 90 శాతం పంచాలని సెబీ నియమం. అంటే ఫ్రీ క్యాష్ ఫ్లో నేరుగా మన ఖాతాలోకి. పవర్‌గ్రిడ్ వారి ఇన్విట్ 2021 మేలో యూనిట్ 100 రూపాయలకి వచ్చింది, అందులో మొదట్లో పెట్టిన అయిదు ఆస్తుల్లో వైజాగ్ ట్రాన్స్‌మిషన్ ఒకటి, శ్రీకాకుళం నుంచి వేమగిరి, ఖమ్మం నుంచి నాగార్జునసాగర్ లైన్లు దానివే. మూడు నెలలకోసారి యూనిట్‌కి 3 రూపాయల చొప్పున చాలాకాలం ఇచ్చింది. 2017లో వచ్చిన ఇండిగ్రిడ్ ఇంకో పాత పేరు, అది కొత్త ఆస్తులు కొంటూ పెరుగుతుంది కాబట్టి దాని అప్పు కూడా చూడాలి.

బ్యాంకు డిపాజిట్‌లా అనుకోకండి. పవర్‌గ్రిడ్ ఇన్విట్ యూనిట్ ధర వడ్డీ రేట్లు పెరిగాక 100 కిందకి పడింది, ఆ రోజుల్లో అమ్ముకోవాల్సి వచ్చినవాళ్లు నష్టపోయారు. మార్జిన్ ఎంత బాగున్నా ఆస్తులు పెరగకపోతే అది కరుగుతున్న మంచుగడ్డే, లైన్ ఒప్పందం 35 ఏళ్లు, తర్వాత ఏముంటుందో ఎవరూ హామీ ఇవ్వరు. అరవై దాటిన మనిషికి అది పెద్ద సమస్య కాదు, ముప్ఫై నాలుగేళ్లవాడికి సమస్యే.

కాబట్టి బావమరిదికి చెప్పిందేంటంటే: పవర్‌గ్రిడ్ గానీ ఎన్‌టీపీసీ గానీ, రెండిట్లో నాకైతే లైన్ల కంపెనీయే ముందు, బొగ్గు గొడవ లేదు, లెక్క శుభ్రంగా ఉంటుంది. పచ్చ కడ్డీలు ఉన్నప్పుడు కాదు, ఖర్చు పెరిగి కడ్డీ ఎర్రబడి జనం తిడుతున్నప్పుడు కొంచెం కొంచెంగా కొను. కొనేముందు ఎక్సెల్‌లో పదేళ్లవి వేసుకో, ఆదాయం, ఆపరేటింగ్ క్యాష్, కట్టిన వడ్డీ, పెట్టుబడి ఖర్చు, ఏ ఏడాదికా ఏడాది కాదు, మొదటి అయిదేళ్ల మొత్తం, తర్వాత అయిదేళ్ల మొత్తం. మొదటి అయిదేళ్లలో పోసిన డబ్బుకి రెండో అయిదేళ్లలో ఆపరేటింగ్ క్యాష్ పెరిగిందా లేదా? పెరిగితే ఆ ఎరుపు ఎరుపు కాదు. పెరగకపోతే మార్జిన్ ఎంత పచ్చగా ఉన్నా నాకు వద్దు. జలవిద్యుత్ కంపెనీలైతే ప్రాజెక్టు నడవడం మొదలయ్యాకే చూడు, కడుతుండగా వద్దు. సిటీ గ్యాస్ నేను ముట్టుకోను, నీ ఇష్టం.

మామయ్యగారికి, చేతిలో ఉన్నదాంట్లో అయిదో వంతు మించకుండా ఇన్విట్, మిగతాది బ్యాంకులోనే ఉంచండి, రాబోయే రెండేళ్ల ఇంటి ఖర్చు ఇందులో అసలు పెట్టకండి అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ముప్ఫై ఏళ్లు ఆఫీసులో బిల్లులు పాస్ చేసిన మనిషి కదా, "ఆ 3 రూపాయల్లో లాభం ఎంత, నా అసలు నాకే తిరిగొస్తున్నది ఎంత అల్లుడుగారూ?" అన్నారు. ఆ గంటలో అందరికంటే మంచి ప్రశ్న అది. పంచిన ప్రతిసారీ వడ్డీ ఎంత, డివిడెండ్ ఎంత, అసలు తిరిగిచ్చింది ఎంత అని విడదీసి స్టేట్‌మెంట్ ఇస్తారు, మూడింటికీ పన్ను వేరువేరు, అసలు వాపసు వచ్చినంత మేరకు మీరు కొన్న ధర లెక్కల్లో తగ్గుతుంది. ఆ కాగితాలు దాచే ఫైలు ఒకటి పెట్టండి మామయ్యగారూ అన్నాను. పక్కనుంచి బావమరిది, "ఇంట్రెస్ట్ పెయిడ్ ఏ పేజీలో ఉంటుంది బావా, నాలుగొందల పేజీలుంది ఇది" అంటున్నాడు.